పైన పాకం పోసినా కరకర పోకూడదంటే?

బ్రెడ్ పొడి అద్ది వేయించిన చికెన్ ముక్కను నూనెలోంచి తీసి కొరికితే పటపటమంటూ విరుగుతుంది. తీపీ కారం కలిసిన ఎర్రటి పాకం దాని మీద పోస్తే రుచి రెట్టింపవుతుంది. కానీ కాసేపటికే పైపొర నాని, ముక్కను వదిలి జారిపోతుంది. ఎంతో ఇష్టపడి మొదలుపెట్టినవాళ్లు ఈ వంటకాన్ని ఇంట్లో చేయడం మానేసేది ఇక్కడే. మసాలా కుదరలేదనో, హోటళ్లవాళ్లు పిండిలో ఏదో కలుపుతారనో అనుకుంటారు. తేడా వచ్చేది మసాలాలో కాదు, నీళ్లలో. ముక్కలో నీళ్లున్నాయి, పైపొరలో నీళ్లున్నాయి, పాకంలోనూ నీళ్లున్నాయి. ఏ నీళ్లు ఎక్కడ ఉండాలో, ఏవి ఎప్పుడు పోవాలో తెలిస్తే ఈ వంట ఎవరి చేతిలోనైనా కుదురుతుంది.

కరకర ఎక్కడి నుంచి వస్తుంది?

బ్రెడ్డులోనూ మైదాలోనూ ఎక్కువ భాగం స్టార్చ్. తడిగా ఉన్నంతసేపూ దాని అణువులు ఒకదాని పక్క నుంచి ఒకటి జరుగుతాయి. అందుకే తాజా బ్రెడ్డు నొక్కితే అణుగుతుంది, వంచితే వంగుతుంది. నీళ్లు దాదాపుగా పోయాక ఆ అణువులు కదలలేక బిగుసుకుంటాయి. అప్పుడు పంటి కింద పడితే వంగే వీలు లేక ఒక్కసారిగా విరిగి చప్పుడు చేస్తుంది. మళ్లీ తేమ చేరితే మళ్లీ వంగడం మొదలు. వానాకాలంలో మూత సరిగా పెట్టని డబ్బాలో వేయించిన అప్పడాలు మెత్తబడటం అందరూ చూసే ఉంటారు. వాటిలో నూనె తగ్గలేదు, ఉప్పు తగ్గలేదు. గాలిలోని తేమను పీల్చుకున్నాయి, అంతే.

ఆ చప్పుడుకు రుచిలో పెద్ద పాత్రే ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో మాస్సిమిలియానో జాంపిని, చార్లెస్ స్పెన్స్ 2004లో ప్రచురించిన ఒక ప్రయోగంలో జనం చేత ఆలూ చిప్స్ తినిపిస్తూ, వాళ్లు కొరికిన చప్పుడునే హెడ్‌ఫోన్‌లో పెంచీ తగ్గించీ వినిపించారు. చప్పుడు పెద్దగా, పదునుగా వినిపించినప్పుడు అవే చిప్స్ మరింత కరకరలాడుతున్నాయనీ తాజాగా ఉన్నాయనీ తిన్నవాళ్లు చెప్పారు. అంటే పైపొర మెత్తబడితే పోయేది ఒక్క గట్టిదనమే కాదు, ముక్క తాజాగా ఉందన్న భావన కూడా పోతుంది.

ఇప్పుడు మన ముక్క పరిస్థితి చూడండి. పచ్చి చికెన్‌లో దాదాపు ముప్పావు వంతు నీళ్లే. పైన మనం పోయబోయేది కూడా తడి పదార్థమే. ఈ రెండింటి మధ్య ఉన్న పలచని పొర మాత్రం పొడిగా ఉండాలి. లోపలి నుంచి ఒక దాడి, బయటి నుంచి ఒక దాడి. ఈ వంటలో చేసే ప్రతి పనీ ఈ రెండింటిలో ఏదో ఒకదాన్ని అడ్డుకోవడానికే.

మైదా, గుడ్డు, బ్రెడ్ పొడి – ఈ వరసే ఎందుకు?

చికెన్ ముక్క ఉపరితలం నున్నగా, తడిగా ఉంటుంది. నేరుగా గుడ్డు సొనలో ముంచితే సొన జారిపోతుంది. మైదా ఆ తడిని పీల్చి పైభాగాన్ని గరుకుగా చేస్తుంది కాబట్టి దాని మీద సొన నిలుస్తుంది. గుడ్డులోని ప్రొటీన్లు 60 డిగ్రీల సెల్సియస్ దాటాక గట్టిపడటం మొదలవుతుంది. నూనెలో పడగానే ఆ సొన బిగిసి, కింద మైదాను, పైన బ్రెడ్ పొడిని పట్టి ఉంచుతుంది. కరకరలాడే బాధ్యత మాత్రం బ్రెడ్ పొడిది. ముందే కాలి, ఆరి ఉన్న పదార్థం కాబట్టి దానిలో వదిలించాల్సిన నీళ్లు తక్కువ. పొడి మధ్య ఉండే ఖాళీల గుండా ఆవిరి తేలిగ్గా బయటపడుతుంది.

పొర ఊడిపోవడానికి ఎక్కువసార్లు కారణం మొదటి మెట్టే. ముక్కలను కడిగి అలాగే మైదాలో వేస్తే మైదా ముద్దకడుతుంది. ఆ ముద్ద వేడికి లోపల ఆవిరి పట్టి, ముక్కకూ పొరకూ మధ్య ఖాళీ ఏర్పడి, కొరకగానే చిప్పలా విడిపోతుంది. అందుకని ముక్కలను శుభ్రమైన బట్టతోనో టిష్యూతోనో గట్టిగా అద్ది తడి తీసేయండి. మైదా పట్టించాక ముక్కను దులపండి. మైదా కప్పినట్టు కాదు, పూసినట్టు ఉండాలి.

మైదా ఒక్కటే కాకుండా రెండు వంతుల మైదాకు ఒక వంతు కార్న్‌ఫ్లోర్ కలపమని నా సలహా. మైదాలో గ్లూటెన్ ఉంటుంది. అది నీళ్లను పట్టి ఉంచి, చల్లారాక పొరను తోలులా సాగేట్టు చేస్తుంది. కార్న్‌ఫ్లోర్‌లో గ్లూటెన్ లేదు. బియ్యప్పిండిలోనూ లేదు. పకోడీ పిండిలో గుప్పెడు బియ్యప్పిండి వేసే మన అలవాటు వెనుక ఉన్నది ఈ సంగతే, కాబట్టి కార్న్‌ఫ్లోర్ లేనప్పుడు నిశ్చింతగా బియ్యప్పిండి వాడండి.

బ్రెడ్ పొడిలో ఏది మంచిది? జపాన్‌వాళ్ల పాంకో దొరికితే అది. పాంకో కోసం పిండిముద్దను పొయ్యిలో కాల్చే బదులు దానిలోంచి విద్యుత్తును పంపి ఉడికించే పద్ధతి ఉంది. అలా చేసిన బ్రెడ్డుకు గోధుమరంగు అంచు ఏర్పడదు. దాన్ని తురిమితే పొడిలా కాకుండా పొరలు పొరలుగా, పుల్లలు పుల్లలుగా వస్తుంది. నూనెలో ఆవిరికి దారులు ఎక్కువ, పంటికి చప్పుడు ఎక్కువ. దొరక్కపోతే రెండు రోజుల నాటి బ్రెడ్డు అంచులు తీసి, చేత్తో ముతకగా చిదిమి, నీడలో ఆరబెట్టండి. మిక్సీలో మెత్తగా తిప్పేస్తే పొర దట్టమై గట్టిగా తయారవుతుంది. రస్కులు దంచి వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: రస్కులో చక్కెర ఉంటుంది. లోపల ముక్క ఉడికేలోపు పైన నల్లబడుతుంది. కార్న్‌ఫ్లేక్స్ చాలా రకాల్లోనూ అంతే.

ఒక చెయ్యి పొడి పనికి, ఒక చెయ్యి తడి పనికి కేటాయించుకోండి. లేకపోతే వేళ్లకే ఒక పొర కడుతుంది. అద్దిన ముక్కలను పళ్లెంలో పరిచి పావుగంట ఫ్రిజ్‌లో ఉంచితే సొన తడిని మైదా, బ్రెడ్ పొడి పీల్చుకుని మూడు పొరలూ ఒకటవుతాయి. గుడ్డు తినని ఇంట్లో కార్న్‌ఫ్లోర్‌ను నీళ్లలో జారుగా కలిపి సొనకు బదులు వాడవచ్చు. పట్టు కొంచెం తగ్గుతుంది, అయినా పనిచేస్తుంది. పచ్చి చికెన్ తగిలిన మైదా, సొన, బ్రెడ్ పొడి మిగిలితే దాచకుండా పారేయండి.

ముక్క ఎండిపోకుండా ఎలా?

పైపొర పొడిగా ఉండాలి, లోపల మాత్రం రసం ఉండాలి. దీనికి ఉప్పు చేసే మేలు చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. అరకిలో బోన్‌లెస్‌కు చదునుగా ఒక చెంచా, అంటే సుమారు 6 గ్రాముల ఉప్పు పట్టించి గంటసేపు ఉంచండి. ఉప్పు మొదట కాస్త నీరు బయటికి లాగుతుంది. ఆ నీటిలో కరిగి తిరిగి లోపలికి వెళ్లి, కండరంలోని ప్రొటీన్లను కొంత విప్పుతుంది. అలా విప్పారిన ప్రొటీన్లు వేడి తగిలినప్పుడు తక్కువగా ముడుచుకుంటాయి, నీళ్లను తక్కువగా పిండేస్తాయి. మిరియాల పొడి, అల్లం వెల్లుల్లి ముద్ద అప్పుడే పట్టించవచ్చు. రెండు చెంచాల పెరుగు కలిపితే అందులోని ఆమ్లం మెల్లగా ముక్కను మెత్తబరుస్తుంది. అప్పుడు మైదాలో వేసే ముందు ఆ పెరుగును బాగా తుడిచెయ్యాలి. నిమ్మరసం వేసి రాత్రంతా ఉంచకండి. ముక్క పైభాగం మెత్తబడదు, పిండిపిండిగా అవుతుంది. ఈ దశలో చక్కెర గానీ తేనె గానీ వేయనే వద్దు. తీపి అంతా పైన పోసేదాంట్లోనే ఉండాలి.

బ్రెస్ట్ పీసా, తొడ ముక్కా? తొడ ముక్కకే నా ఓటు. చికెన్‌ను లోపల 74 డిగ్రీల దాకా వేడెక్కించాలన్నది ఆహార భద్రత సంస్థలు చెప్పే లెక్క. బ్రెస్ట్ ఆ గీత దాటి కొంచెం పైకి పోయినా పీచు పీచుగా ఎండిపోతుంది. తొడ ముక్కలో కొల్లాజెన్, కొవ్వు ఎక్కువ. 80 డిగ్రీలు దాటినా కొల్లాజెన్ కరిగి ముక్క మరింత మెత్తనవుతుంది. బ్రెస్టే కావాలంటే ప్లాస్టిక్ షీట్ కింద పెట్టి అప్పడాల కర్రతో తట్టి, అంతటా ఒకటిన్నర సెంటీమీటరు మందం ఉండేట్టు చేయండి. ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా ఉన్న ముక్క ఎంత నేర్పుతో వేయించినా ఒక చివర పచ్చిగానో మరో చివర ఎండిపోయో ఉంటుంది.

నూనెలో ఏం జరుగుతుంది?

ముక్కను వేడి నూనెలో వేయగానే బుసబుసమని వచ్చే బుడగలు నూనెవి కావు. నీళ్లు 100 డిగ్రీల దగ్గర ఆవిరవుతాయి, నూనె 170 దగ్గర ఉంటుంది. పైపొరలోని నీళ్లు ఆవిరై బయటికి తన్నుకొస్తున్నాయి. ఆవిరి బయటికి తోస్తున్నంతసేపూ నూనె లోపలికి చొరబడటం కష్టం. నీళ్లు పోయి పొర పొడిబారిన తర్వాతే దాని వేడి 140 డిగ్రీలు దాటి, బంగారు రంగు, కమ్మటి వాసన వస్తాయి. ప్రొటీన్లూ చక్కెరలూ కలిసి జరిపే ఈ చర్యను 1912లో లూయీ కమీల్ మెయిలార్డ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించాడు. అందుకే దాన్ని మెయిలార్డ్ చర్య అంటారు. తడి ఉన్నచోట రంగు రాదు. కాబట్టి రంగు వచ్చిందంటే పొర ఆరిందన్న కబురు కూడా అందినట్టే.

నూనె ఎక్కువగా పీల్చుకునేది ఎప్పుడో తెలిస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. మూకుట్లో కాదు, తీశాక. ముక్క బయటికి రాగానే పొరలోని ఆవిరి చల్లబడి నీరవుతుంది, ఆ ఖాళీలోకి పైనంటిన నూనె లాక్కుపోతుంది. అందుకే ముక్కను తీసిన వెంటనే చిల్లుల గరిటె మీద రెండు మూడు సార్లు గట్టిగా దులపాలి. తర్వాత పెట్టాల్సింది కాగితం పరిచిన పళ్లెంలో కాదు, ఇనుప జాలీ మీద. పళ్లెంలో పెడితే కింది వైపు ఆవిరి బయటికి పోలేక అక్కడే నీరై ఆ వైపును నానబెడుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చితే అన్నీ నానుతాయి. వేడి పోకూడదని మూత పెడితే ఇక చెప్పనక్కర్లేదు.

నూనె మంట సంగతి. థర్మామీటరు ఉంటే మంచిదే. లేకపోతే చిటికెడు బ్రెడ్ పొడి వేసి చూడండి. అడుగుకు పోయి నెమ్మదిగా తేలితే ఇంకా కాగాలి. వేయగానే తేలి చుట్టూ చురుగ్గా బుడగలు వస్తే సరి. వెంటనే నల్లబడితే మంట తగ్గించి ఆగాలి. చల్లటి ముక్కలు ఒకేసారి ఎక్కువ వేస్తే నూనె వేడి పడిపోతుంది. ఆవిరి జోరు తగ్గి, పొర వేగే బదులు నూనెలో నానుతుంది. మూకుడు వెడల్పుగా ఉన్నా మూడు నాలుగు ముక్కలకు మించి వేయకండి. వేరుశనగ నూనె గానీ తవుడు నూనె గానీ ఈ వేడికి బాగా నిలుస్తాయి.

పాకం పోయదలిస్తే రెండుసార్లు వేయించడం తప్పనిసరి అనే చెబుతాను. మొదట 160–165 డిగ్రీల దగ్గర నాలుగైదు నిమిషాలు, ముక్క ఉడికి పైన లేత రంగు వచ్చేదాకా. తీసి జాలీ మీద అయిదు నిమిషాలు ఉంచండి. ఈ అయిదు నిమిషాల్లో లోపలి తేమ మెల్లగా పైపొరలోకి పాకుతుంది. అలా వదిలేస్తే ఇదే దాన్ని మెత్తబరిచేది. ఇప్పుడు నూనెను 185 దాకా వేడిచేసి ముక్కలను మళ్లీ ఒక్క నిమిషం వేయించండి. పైకి పాకిన తేమ ఎగిరిపోతుంది, పొర మరింత ఆరుతుంది. లోపలి దాడి చాలావరకు ఇక్కడే ఆగిపోతుంది. కొరియాలో చికెన్ ముక్కలు అంత పలచటి పొరతోనూ అంతసేపు పటపటలాడటానికి ఈ రెండో వాయి పెద్ద కారణం.

మరి పైన పోసేది?

అసలు విషయం ఇదే. పైన పోసేది చిక్కగా ఉంటే పొర నానదని చాలామంది నమ్మకం. చిక్కదనం వేరు, నీళ్లు తక్కువ ఉండటం వేరు. ఫాస్ట్‌ఫుడ్ బండి మీద చిల్లీ చికెన్‌కు చేసే సాస్‌ను చూడండి. నీళ్లలో సాస్‌లు కలిపి, కార్న్‌ఫ్లోర్ వేసి చిక్కబరుస్తారు. చూడటానికి జిగురుగా ఉంటుంది కానీ దానిలో ఎక్కువ భాగం నీళ్లే. స్టార్చ్ ఆ నీళ్లను కదలకుండా ఆపిందే తప్ప గట్టిగా పట్టుకోలేదు. పొడిగా ఉన్న పైపొర తగలగానే ఆ నీళ్లు అందులోకి దిగుతాయి. టొమాటో కెచప్‌లోనూ దాదాపు మూడింట రెండు వంతులు నీళ్లే.

చక్కెర అలా కాదు. అది నీటి అణువులను తనకు కట్టేసుకుంటుంది. చక్కెర ఎంత ఎక్కువ, నీళ్లు ఎంత తక్కువ ఉంటే పాకం నుంచి పైపొరలోకి తేమ అంత నెమ్మదిగా దిగుతుంది. ఇక్కడ తెలుగు వంటింటికి ఉన్న తెలివి చాలా విలువైనది. తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం అని మనం వేళ్లతో చూసి చెప్పేది పాకంలో మిగిలిన నీళ్ల కొలతే. నీళ్లు తగ్గేకొద్దీ పాకం మరిగే వేడి పెరుగుతుంది. తీగపాకం 110 డిగ్రీల దగ్గర వస్తుంది, అప్పటికి దానిలో నీళ్లు అయిదో వంతు మాత్రమే. చికెన్‌కు కావలసింది లేత తీగపాకం. ఉండపాకం దాకా పోతే చల్లారాక పళ్లకు అంటుకుని సాగుతుంది, ముదిరితే గట్టి పెంకు కడుతుంది. మంచి తేనెలో నీళ్లు సహజంగానే అయిదో వంతుకు మించవు కాబట్టి అది ముందే తయారై ఉన్న పాకం లాంటిదే. తేనె వాడితే మరిగించనక్కర్లేదు, వేడెక్కితే చాలు. ఏడాది నిండని పిల్లలకు మాత్రం తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు.

రెండో దారి నూనె. అమెరికాలో నాష్‌విల్ నగరపు హాట్ చికెన్ ఈ దారిలో పోయింది. అక్కడి నల్లజాతి వాడల్లో పుట్టిన ఈ వంటకానికి ప్రిన్స్ కుటుంబం వారి హోటల్ మూలమని పేరు. 1930లలో థార్న్‌టన్ ప్రిన్స్ రాత్రంతా ఎక్కడో తిరిగి వచ్చినందుకు ఆయన ప్రియురాలు కోపంతో చికెన్‌కు విపరీతంగా కారం దట్టించి పెట్టిందనీ, ఆయనకు అదే నచ్చేసిందనీ ఆ కుటుంబంలో చెప్పుకునే కథ. 2013లో జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ ఆ హోటల్‌ను అమెరికా సంప్రదాయ భోజనశాలల్లో ఒకటిగా గౌరవించింది. కథ ఎలా ఉన్నా పద్ధతి చాలా తెలివైనది: కారం, మసాలాలు, చాలాచోట్ల కాస్త బ్రౌన్ షుగర్ కలిపి, వాటి మీద వేడి నూనె పోసి, ఆ ఎర్రటి ముద్దను వేయించిన ముక్కకు కుంచెతో పూస్తారు. నూనెలో నీళ్లు లేవు కదా, పొర నానదు. పైగా మిరపకాయలోని మంటకు కారణమైన క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. కారం ముక్కంతా పరుచుకుంటుంది.

కొరియాది మొదటి దారి. అక్కడి యాంగ్‌న్యోమ్ చికెన్‌కు ఆద్యుడిగా దేగు నగరానికి చెందిన యూన్ జోంగ్-గ్యే పేరు చెబుతారు. 1980 ప్రాంతంలో ఆయన అంగట్లో, చల్లారిన వేపుడు గట్టిపడి నోట్లో గుచ్చుకుంటోందని జనం తినకుండా వదిలేసేవారట. దానికి విరుగుడుగా ఆయన మిరప, వెల్లుల్లి, స్టార్చ్ సిరప్ కలిపిన ఎర్రటి పూత తయారుచేశాడు. ఈ పూతలోకి తర్వాత చాలామంది వేసే గోచుజాంగ్ మిరపకారం, జిగురు బియ్యం, సోయా పొడి కలిపి పులియబెట్టిన ముద్ద. అక్కడ సగం మామూలు వేపుడు, సగం పూత పూసినది కలిపి తెమ్మని చెప్పే అలవాటుంది. నాకు చాలా నచ్చిన పద్ధతి అది. ఒకే పళ్లెంలో పొడిగా ఒకటి, పాకంతో ఒకటి తింటే రెండింటి రుచీ తెలుస్తుంది.

ఇంట్లో ఈ రెండు దారులనూ కలపవచ్చు. అరకిలో చికెన్‌కు సరిపడా కొలత ఇది. రెండు పెద్ద చెంచాల నూనెలో ఆరు వెల్లుల్లి రెబ్బల తురుము వేసి, సన్నని సెగ మీద పచ్చివాసన పోయేదాకా వేయించండి. పొయ్యి ఆర్పి, నూనె బుసలు తగ్గాక రెండు చెంచాల కారం వేసి కలపండి. సెగ మీద వేస్తే కారం మాడి చేదవుతుంది. మరో గిన్నెలో 80 గ్రాముల బెల్లం తురుము, మూడు పెద్ద చెంచాల నీళ్లు, ఒక పెద్ద చెంచా సోయా సాస్, ఒక చిన్న చెంచా వెనిగర్ వేసి కరిగించి, నలకలు లేకుండా వడకట్టి మరిగించండి. పాకం చుక్కను పళ్లెంలో వేసి, కాస్త ఆరాక వేళ్ల మధ్య సాగదీస్తే సన్నటి తీగ వచ్చి తెగాలి. అప్పుడు వెల్లుల్లి కారం నూనె కలిపి, దించేశాక మరో చిన్న చెంచా వెనిగర్ వేయండి. మొదటి వెనిగర్ చక్కెరను కొంత విడగొట్టి పాకం గడ్డకట్టకుండా చూస్తుంది. మిఠాయి చేసేటప్పుడు పాకంలో నిమ్మరసం పిండేది కూడా అందుకే. అది మరిగేటప్పుడు పులుపు కొంత ఎగిరిపోతుంది కాబట్టి నాలుకకు తగిలే పులుపు కోసం రెండోది. ఉప్పు రుచి చూసి వేయండి, సోయా సాస్‌లో ఇప్పటికే చాలా ఉంది.

తీపి కారాన్ని ఎందుకు దువ్వుతుంది?

క్యాప్సైసిన్ రుచి కాదు, నొప్పి. నోట్లో 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టే గ్రాహకాన్నే అది తట్టిలేపుతుంది. అందుకే కారం తింటే నోరు కాలినట్టుంటుంది. ఆ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్ 2021లో వైద్యశాస్త్ర నోబెల్ అందుకున్నవారిలో ఒకరు. తీపి తగిలినప్పుడు ఆ మంట తక్కువగా అనిపిస్తుంది. ఈ సంగతి మిరపకాయల ఘాటు కొలిచే పద్ధతిలోనే ఇమిడి ఉంది. 1912లో విల్బర్ స్కోవిల్ మిరప సారాన్ని చక్కెర నీళ్లలో పలచబరుస్తూ పోయి, ఎంత పలచబడితే మంట తెలియకుండా పోతుందో రుచి చూపించి లెక్కగట్టాడు. ఇప్పటికీ మిరపకాయల ఘాటును ఆయన పేరిటే చెబుతున్నాం.

బెల్లం ఆవకాయ తిని పెరిగిన నాలుకలకు ఈ కలయిక పరాయిది కాదు. మనకు మిరపకాయల్లో ఎంపిక కూడా ఎక్కువ. ఒక్క గుంటూరు కారమే వేస్తే రంగు రావడానికి ముందే ఘాటు మితిమీరుతుంది. రంగు కోసం బ్యాడిగి గానీ, వరంగల్ చపాటా గానీ సగం వేసి, ఘాటు కోసం గుంటూరు సగం వేయండి. చపాటా ఎర్రగా, లావుగా, ఘాటు తక్కువగా ఉండే కాయ. 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

తీపీ కారం రెండే అయితే నాలుగు ముక్కలకే మొహం మొత్తుతుంది. కొరియాలో పక్కన తీపి వెనిగర్‌లో ఊరిన ముల్లంగి ముక్కలు పెడతారు, నాష్‌విల్‌లో ఊరబెట్టిన దోసకాయ బిళ్లలు. మనం ఉల్లిపాయ చక్రాలను వెనిగర్, ఉప్పు, చిటికెడు చక్కెర కలిపి అరగంట ఊరబెడితే అంతకన్నా మంచి జోడీ అక్కర్లేదు.

ఎయిర్ ఫ్రయర్‌లో వస్తుందా?

వస్తుంది, ఇంత కరకర మాత్రం రాదు. ఎయిర్ ఫ్రయర్ అంటే గాలి వేగంగా తిరిగే చిన్న ఓవెన్. గాలి నూనె అంత త్వరగా వేడిని అందించలేదు. పచ్చి బ్రెడ్ పొడి అద్ది పెడితే ముక్క ఉడికేసరికి కూడా పొడి తెల్లగానే ఉంటుంది. ముందుగా బ్రెడ్ పొడిని రెండు చెంచాల నూనెతో పెనం మీద దోరగా వేయించి, చల్లార్చి అద్దండి. 200 డిగ్రీల దగ్గర పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పి. దీనికి నూనె దారి పూతే తగినది, పాకం అంతగా నప్పదు.

టిఫిన్ బాక్సులో పెట్టాలంటే ముక్కలు పూర్తిగా చల్లారాక సర్ది, పాకం వేరే చిన్న డబ్బాలో ఇవ్వండి. మిగిలిన ముక్కలను మైక్రోవేవ్‌లో వేడిచేయవద్దు. లోపలి నీళ్లను కదిలించి పైపొరలోకి పంపేది అదే. పెనం మీదో ఓవెన్‌లోనో వేడిచేస్తే పోయిన కరకరలో చాలా భాగం తిరిగి వస్తుంది.

పాకం పోసే సమయం గురించి ఒక మాట. ఎంత బాగా తీగపాకం పట్టినా, ఎన్నిసార్లు వేయించినా పొరలోకి తేమ దిగడం ఆగదు, ఆలస్యమవుతుంది అంతే. కాబట్టి ముక్కలను పాకంలో వేసి గిరగిరా తిప్పకండి. జాలీ మీద ఉన్న ముక్కల పైభాగానికి మాత్రమే చెంచాతో పోయండి, అడుగు పొడిగా ఉండనివ్వండి. పైన వేయించిన నువ్వులు చల్లండి. ఇంట్లోవాళ్లను ముందు కంచాల ముందు కూర్చోబెట్టి, ఆ తర్వాతే పాకం గిన్నె చేతిలోకి తీసుకోండి.